హూటర్ మోగితే ఖాళీ అయిన డాన్సు ఫ్లోరు

ముప్పై మూడేళ్ల నౌకరీలో నేను బెల్టులు ఆపించాను, ఫ్యాన్లు ఆపించాను, ఒకసారి పొరపాటున క్రషర్‌నే ఆపించి పై నుంచి కింది దాకా అందరి చేతా తిట్లు తిన్నాను. కానీ నిండా జనం ఆడుతున్న డాన్సు ఫ్లోరును రెప్పపాటులో ఖాళీ చేయించింది మాత్రం ఒకే ఒక్కసారి. ఆ ఘనకార్యం గురించి మా కాలనీలో ఇప్పటికీ నాలుగు రకాల కథలు తిరుగుతున్నాయి. నాలుగింట్లోనూ దోషిని నేనే కాబట్టి అసలు సంగతి నా నోటితోనే చెబితే మంచిదనిపించింది. కొత్తగా ప్లాంట్లలో చేరుతున్న పిల్లలు చదివితే ఇంకా సంతోషం. మీకు పనికొచ్చే మాట ఇందులో ఒకటుంది. అది ఏ పేరాలో ఉందో నన్నడక్కండి.

మాది చంద్రపూర్ జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. పేరు వద్దు, అక్కడికి వెళ్తే నాకు టీ పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. నా పని యంత్రాల చప్పుడు వినడం. నవ్వకండి, దానికి జీతం ఇచ్చేవాళ్లు. పెద్ద ఫ్యాన్లు, మోటార్లు, సున్నపురాయి మోసుకొచ్చే బెల్టులు, వీటన్నిటి చుట్టూ రోజూ ఒక రౌండు కొట్టి, అదురు ఎంతుందో మీటరు పెట్టి చూసి రాసుకోవాలి. బేరింగు పాడవబోతుంటే ముందే పసిగట్టాలి. మీటర్లు తర్వాత వచ్చాయి. అంతకు ముందు నుంచీ నా పేరు చెవి మీదే నిలబడింది. "ఆయన చెవి పెడితే బేరింగు తన తప్పు తనే ఒప్పుకుంటది" అనేవాళ్లు ఫిట్టర్లు. నేను కాదనేవాణ్ణి కాదు. పొగడ్త చేదుగా ఉందని ఉమ్మేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చిందనగా నా కింద ఒక ట్రైనీ ఇంజినీరును వేశారు. చంద్రపూర్‌లోనే తుకుం అనే పేటలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. మాట్లాడమంటే గలగలా మాట్లాడుతుంది గానీ, నేను తెలుగులో రాసుకున్న నోటు చదవమంటే కదిలే బస్సు మీద బోర్డు చదువుతున్నట్టు కళ్లు చిట్లించేది. ప్లాంటులో నన్ను సర్ అనేది, గేటు దాటగానే కాకా అనేది.

మొదటి రోజు రౌండులో రెండు మోటార్ల మధ్య నిలబడి, హెల్మెట్ మీద వేళ్లతో టకటకమని కొట్టుకుంటోంది.

"ఏంది, దోమలా?" అన్నాను.

"కాదు సర్. ఈ రెండు ఒక్క తీరుగ తిరుగుతలేవు. చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది. మధ్యల మంచి బీట్ వస్తుంది."

పక్కపక్కనున్న మోటార్లు ఏ కాస్త తేడాతో తిరిగినా హోరు అలా లేచి పడుతుంది. అది నా చెవికి పట్టడానికి ఆరేళ్లు పట్టింది. ఈమెకు ఆరు నిమిషాలు పట్టలేదు. ముందు కడుపు మండింది, నిజం దాచను. సాయంత్రానికల్లా మంట చల్లారి సంతోషం మిగిలింది. అంతకు ముందు నా దగ్గరికి వచ్చిన ట్రైనీలు మీటరు ముఖం చూసేవాళ్లు తప్ప యంత్రం ముఖం చూసేవాళ్లు కాదు. నా పని ఎవరికో ఒకరికి అప్పజెప్పకుండా వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని నాకు లోపల గుబులుగా ఉండేది. ఇదిగో, మనిషి దొరికింది అనుకున్నాను.

ఆరు నెలలు తిరగకుండానే ఆ మనిషి చేజారే రోజు వచ్చింది. క్యాంటీన్‌లో టీ తాగుతూ మెల్లగా చెప్పింది.

"పుణెల ఒక కంపెనీ పిలుస్తుంది సర్. వచ్చే నెల మొదటి సోమవారం లోపల చెప్పాలె."

"పని ఏంది?"

"గిదే పని. కని అక్కడ సెలవు దినం క్లబ్బులల్ల నా మ్యూజిక్ వెయ్యొచ్చు. ఇక్కడ ఏముంది? గణపతికి ఒకసారి డీజే, పెండ్లిల్లకు బరాత్. నేను వేసేది వినేటోళ్లెవరు?"

"నేను వింటలేనా?"

"మీరు వింటరు సర్. కని మీరు ఆడరు."

ఆమె వేసే సంగీతం ఏమిటో ముందు తెలుసుకుందామని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టించుకున్నాను. పాత అమెరికా పాట ఒకటి. ఫంక్ అంటారట. గిటారు అటూ ఇటూ గోకుతోంది, మధ్య మధ్య బాకాలు ఉలిక్కిపడుతున్నాయి, అడుగున బేస్ గిటారు మాత్రం కల్లు తాగిన పెద్దమనిషిలా ఊగుతూనే అడుగు తప్పకుండా నడుస్తోంది.

"ఇది ఎక్కడ మొదలైతదో, ఎక్కడ ఆగుతదో తెలుస్తలేదు," అన్నాను.

"మీరు ఒకటి పట్టుకోండ్రి సర్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకటి మీద అందరు కలిసి దెబ్బ వేస్తరు. మిగతా మూడింటి మీద ఎవని ఇష్టం వానిది. ఎంత దూరమన్న పోనీ, మళ్ల ఒకటికి అందరు ఇంటికి రావాలె. గంతే ఫంక్ అంటే."

ఆ మాటతో నాకు దారి దొరికింది. మా సొంతూరు గోండ్‌పిప్రిలో మా ఇంటి పక్క డప్పు కొట్టే ఆయన ఇదే చేసేవాడు. మొదటి దెబ్బ గుండెల మీద పడేది, మిగతావి గాల్లో గింగిరాలు తిరిగేవి. ఆ సంగతి చెబితే ఆమె ముఖం వెలిగిపోయింది. ఇక ఆపడం నా వల్ల కాలేదు.

పాట నడుమ అందరూ ఆగిపోయి డ్రమ్ములాయన ఒక్కడే నాలుగైదు సెకన్లు వాయిస్తాడట. జనం ఆ ముక్క కోసమే కాచుకుని ఉండి, అది రాగానే పిచ్చెక్కినట్టు ఆడేవాళ్లట. గల్లీల్లో పార్టీలు పెట్టే కుర్రాళ్లు ఇది కనిపెట్టి, ఒకే రికార్డు రెండు తెచ్చి, ఇందులో ముక్క అయిపోగానే అందులో అదే ముక్క, అందులో అవగానే మళ్లీ ఇందులో, ఇలా నాలుగు సెకన్లను నలభై నిమిషాలు సాగదీసేవాళ్లట. తర్వాత ఆ ముక్కల్ని కోసి దాచుకునే మిషన్లు వచ్చాయి.

"ఇయ్యాల క్లబ్బుల దుమ్‌దుమ్ అని మోగేదాంట్ల ఎంతగనమో ఆ పాత డ్రమ్ములోళ్ల చేతులే ఉన్నయ్ సర్. పేర్లు ఎవనికి యాదికి లేవు. కాళ్లకు మాత్రం యాదికున్నయ్."

ఇంకో సంగతి కూడా చెప్పింది. కార్లు తయారుచేసే ఊరొకటి ఉండేదట అక్కడ. ఆ ఊరి కుర్రాళ్లు ఫంక్ బేస్‌నూ ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడునూ ఒక్కచోట కలిపి కొత్త రకం డాన్సు సంగీతం పుట్టించారట. ప్రపంచంలోని క్లబ్బులన్నీ దాని వెంట పడ్డాయట.

"అంటే మనలాంటోళ్లే?" అన్నాను.

"మనలాంటోళ్ల పిల్లలే."

అప్పుడు నా నోటి నుంచి మాట జారింది. "ఇక్కడ మనోళ్లు ఆడితే ఉంటవా?"

"ఉంట. కని మొక్కుబడికి చప్పట్లు కొడ్తే కాదు. చెమటలు కారాలె."

"చంద్రపూర్‌ల చెమట కారనిదెవనికి?"

"గట్ల కాదు సర్. ఆడి కారాలె."

కాలనీ క్లబ్బుకు సెక్రటరీ అకౌంట్స్‌లో పనిచేసే మరాఠీ పెద్దమనిషి. హౌసీ, అదే తంబోలా ఆట, అంటే ప్రాణం. ప్రతి ఆదివారం సాయంత్రం గాజు గిన్నెలోంచి అంకెలు తీసి చదవడం ఆయన జీవితంలోని ఏకైక కళ. డాన్సు అనగానే ఆయన అడిగింది ఒకటే. "పణ్ హౌసీచం కాయ్?" మరి హౌసీ సంగతేమిటని. చివరికి నాలుగు నుంచి ఆరు దాకా డాన్సు, ఆరు గంటలకు హౌసీ అని ఒప్పందం కుదిరింది. పట్టపగలు క్లబ్బు డాన్సు ప్రపంచంలో ఇంకెక్కడన్నా ఉందో లేదో నాకు తెలియదు. రోజు మాత్రం ఆమె పుణెకు జవాబు చెప్పాల్సిన సోమవారానికి ముందు ఆదివారం.

ఇక్కడి నుంచి నా తెలివితేటలు మొదలవుతాయి.

హాలులో గచ్చు నున్నగా ఉంటుంది, ఎవరన్నా జారిపడతారని నాకు బెంగ పట్టుకుంది. స్క్రాప్ యార్డులో పాత కన్వేయర్ బెల్టు చుట్ట కనపడింది. నల్లటి రబ్బరు, గడప నుంచి స్టేజీ దాకా సరిపోయేంత పొడవు. కడిగించి హాలు మధ్యలో పరిపించాను. అందరూ మెచ్చుకున్నారు. ఇది మొదటి తెలివి.

రెండోది ఇంకా గొప్పది. ఆమె మా ప్లాంటు చప్పుళ్లతోనే ఒక డాన్సు ముక్క కడుతోంది. ప్యాకింగు మిషన్లో సంచి పడే దప్పు, ఎలివేటర్ బకెట్ల గలగల, అన్నీ ఫోనులో పట్టి, కింద ఫంక్ తాళం పెట్టింది. తాళం ఊపందుకునే ముందు ఏదన్నా పెద్ద చప్పుడు కావాలంది. "హూటర్ పెట్టు," అన్నాను నేను.

మా దగ్గర బెల్టు కదిలే ముందు హూటర్ మోగుతుంది. మోగగానే చుట్టుపక్కల ఉన్నవాళ్లు బెల్టుకు దూరంగా జరగాలి. హూటర్ ఆగాక కొద్దిసేపు నిశ్శబ్దం, తర్వాత బెల్టు కదులుతుంది. చేరిన మొదటి రోజు నేర్పేది ఇదే. టీ తాగడం కూడా తర్వాతే నేర్పుతారు.

ఆమె హూటర్ రికార్డు చేసి, మా ఆఫీసు గదిలో వినిపించింది. బ్రహ్మాండంగా ఉంది. విన్నంతసేపూ నా కుర్చీ గోడ దాకా ఎందుకు వెనక్కి వెళ్లిందో నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

ఆదివారం నాలుగైంది. జనం బాగానే వచ్చారు, ముఖ్యంగా తర్రీ పోహా, అదే కారం పులుసు పోసిన అటుకులు, ఉందని తెలిసి. పోహా గిన్నెలు ఎడమ గోడ వైపు, కుర్చీలు కుడి గోడ వైపు. రెండు గోడల పొడవునా నడుము ఎత్తున కాగితం తోరణాలు, వాటికి బుడగలు. ఇరవై నిమిషాలు ఎవరూ కదల్లేదు. అందరూ ప్లేట్లు పట్టుకుని, లేబర్ ఆఫీసరు ప్రసంగం వింటున్నట్టు నిలబడ్డారు. స్టేజీ మీద ల్యాప్‌టాప్ వెనక ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది. నాకు పుణె బస్సు హారను వినిపిస్తోంది.

అప్పుడామె దుమ్‌దుమ్ ఆపేసి, నాకు మొదట వినిపించిన పాత ఫంక్ పాట వేసింది. బేస్ గిటారు హాల్లోకి నడిచి వచ్చింది. మొదట ప్యాకింగు హౌస్ ఫిట్టరు ఒకాయన మెడ ఆడింది. తర్వాత భుజం. ప్లేటు ఎవరి చేతిలోనో పెట్టి బెల్టు మీదకొచ్చేశాడు. వెనకే ఇద్దరు, వాళ్ల వెనక వాళ్ల ఇల్లాళ్లు. తాళాన్ని ఆమె మెల్లమెల్లగా కొత్త రకంలోకి మార్చుకుంటూ పోయింది, ఎవరికీ తెలియనే లేదు. అరగంటలో బెల్టు మీద కాలు మోపే చోటు లేదు. మా ఆవిడ కూడా ఆడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు ఆ కళ ఉందని నాకు తెలియదు. హౌసీ గిన్నె పక్కన పెట్టి సెక్రటరీ సాహెబ్ కూడా దిగాడు, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి. చెమటలు కారుతున్నాయి. అది ఆడి కారుతున్న చెమటే. నేను ఆమె వైపు బొటనవేలు ఎత్తి చూపించాను.

ఆమె నవ్వి, ప్లాంటు చప్పుళ్లతో కట్టిన తన ముక్క వేసింది. సంచులు పడ్డాయి, బకెట్లు గలగలలాడాయి. జనం మన ప్యాకింగు హౌసే కదా అని కేకలు వేశారు. అంతలో హూటర్ మోగింది.

తర్వాత జరిగింది చూసిన మనిషిగా చెబుతున్నాను. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. వందకు పైగా మనుషులు, ఆడుతున్నవాళ్లు ఆడుతున్నట్టే, రెండంగల్లో బెల్టు దిగి రెండు గోడలకూ జరిగిపోయారు. భర్తలు భార్యల రెక్క పట్టి లాగేశారు. తల్లులు పిల్లల్ని ఎత్తేసుకున్నారు. మాక్ డ్రిల్లులో ఏనాడూ ఇంత చక్కగా చేయలేదు. నేనూ స్టేజీ మెట్టెక్కి నిలబడ్డాను. హూటర్ ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టి, బెల్టు కదులుతుందని చూస్తున్నారు.

బెల్టు మీద మిగిలింది సెక్రటరీ సాహెబ్ ఒక్కడే. అకౌంట్స్ మనిషి, జన్మలో బెల్టు దగ్గరికి వెళ్లలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు, చేతులు పైకే ఉన్నాయి.

గోడ పక్కన మా సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడు. కొత్తగూడెం మనిషి. ఇంట్లో బల్బు మార్చాలన్నా హెల్మెట్ పెట్టుకుంటాడు. కదలబోయే బెల్టు మీద మనిషిని చూడగానే ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు. ప్లాంటులో ప్రతి బెల్టు పక్కనా పొడవునా ఒక తాడు ఉంటుంది, అది లాగితే బెల్టు ఆగిపోతుంది. నడుము ఎత్తున ఉంటుంది. కాగితం తోరణం కూడా సరిగ్గా నడుము ఎత్తునే ఉంది. ఆయన ప్రాణాలు కాపాడే వేగంతో దాన్ని లాగాడు. గోడ పొడవునా తోరణమూ బుడగలూ పోహా గిన్నెల మీద కూలాయి.

స్టేజీ మీద ఆ అమ్మాయి బిత్తరపోయి మ్యూజిక్ ఆపేసింది. అంటే, తాడు లాగగానే బెల్టు నిజంగానే ఆగినట్టయింది.

సెక్రటరీ సాహెబ్ కళ్లు తెరిచాడు. ఒంటరిగా నిలబడి అటూ ఇటూ చూసి, "కాయ్ ఝాలం?" అన్నాడు, ఏమైందని.

"మీరు బతికిపోయిన్రు సాబ్," అన్నాడు సేఫ్టీ ఆఫీసర్, ఆయాసపడుతూ.

ఎవరూ నవ్వలేదు. ఎందుకు దూకామో ఎవరికీ అర్థం కాక అందరూ బెల్టు వైపూ ఒకరి వైపు ఒకరూ చూసుకుంటున్నారు. స్టేజీ మీద ఆమె ల్యాప్‌టాప్ మీదకు తల వాల్చింది, భుజాలు అదురుతున్నాయి. పాత బెల్టు నాది, హూటర్ నాది. ఇద్దరు కలిసి పని చెడగొడితే ఒకరినొకరు తిట్టుకోవచ్చు, నాకు ఆ సుఖం కూడా లేదు. పక్కకు వెళ్లి, "నా వల్లనే ఖరాబైంది బిడ్డా," అన్నాను.

ఆమె తలెత్తింది. ఏడుపు కాదు, నవ్వు. నవ్వి నవ్వి కళ్లనీళ్లు. "కాకా, పాట నడుమ ఖాళీ పెడ్తే జనం ఆగాలె, ఊపిరి బిగబట్టాలె. దునియల పెద్ద పెద్ద డీజేలకు గూడ గింత మంచిగ ఆగరు. జర పక్కకు జరుగుండ్రి."

మళ్లీ హూటర్ కొట్టింది. ఈసారి జనానికి ఆట అర్థమైంది. సెక్రటరీ సాహెబ్‌ను నలుగురు చేతులు పట్టి గోడకు లాగారు. హూటర్ ఆగింది. ఆ ఖాళీలో బుడగ పగిలినా వినపడేది. అప్పుడు ఒకటి మీద దెబ్బ పడింది. బేస్, డ్రమ్ములు, సంచులు, బకెట్లు, అన్నీ ఒక్కసారే. రెండు గోడల వెంబడి కాలనీ మొత్తం ఎగిరింది. తిరుగుతున్న బెల్టు మీదికి ఎవరూ రారు కదా, హాలు మధ్య నల్లటి రబ్బరు ఖాళీగా ఉంది, ఈ పక్కో వరస, ఆ పక్కో వరస. కుడి గోడ వాళ్లకు పోహా కావాలంటే బెల్టు దాటకుండా స్టేజీ వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చారు. సేఫ్టీ ఆఫీసర్ తెగిన తోరణం కొస చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. ఆయన లాగితే మ్యూజిక్ ఆగాలి, వదిలితే మొదలవ్వాలి. ఆయన ముఖంలో నవ్వు నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ఆరైంది, ఆరున్నరైంది. హౌసీ సంగతి సెక్రటరీ సాహెబే మర్చిపోయాడు.

పోయేటప్పుడు ఆమె "రేపు మాట్లాడ్త కాకా," అంది అంతే.

సోమవారం పొద్దున మామూలుగా రౌండుకు వెళ్లాం. పుణె మాట ఆమె ఎత్తలేదు, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పెద్ద ఫ్యాన్ దగ్గర ఆమె ఆగింది.

"సర్, దీంట్ల సన్నగ ఈల తీరు ఏదో వస్తుంది. మొన్న లేకుండె."

నేను చెవి పెట్టాను. హోరు తప్ప ఏమీ లేదు. మీటరు పెట్టాను, మామూలే. ఇంకోసారి చెవి పెట్టి కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు.

"గాలి చప్పుడులే, నీకు కొత్త" అని నేను అనొచ్చు. ముప్పై మూడేళ్ల పేరుంది, ఆమె నమ్మేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అని ఉంటే ఇన్నాళ్లకైనా సిగ్గుపడేవాణ్ణి.

"నాకు వినపడ్తలేదు బిడ్డా," అన్నాను. "ఇదొక్కటే కాదు. రెండేండ్ల సంది కుడి చెవికి సన్న చప్పుళ్లు అందుతలేవు. ఎవ్వరికి చెప్పలె."

మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఏటా జరిగే చెవి పరీక్షలో మిషన్ నొక్కే అతని వేలు ఓరగా చూసి చెయ్యి ఎత్తేవాణ్ణి. ఫుల్ మార్కులు వచ్చేవి.

ఆమె రిజిస్టరు తీసింది. చప్పుడు ఎవరు గమనించారు అన్న చోట ఆమె పేరే రాయించాను. బుధవారం ఫ్యాన్ ఆపి బేరింగు విప్పితే వెంట్రుక మందాన పగులు. ఫిట్టర్లు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, గురువుగారు గురువుగారే అన్నారు. "విన్నది నేను కాదయ్యా, ఆమె," అన్నాను. నా వినయానికి ఇంకా మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం గేటు బయట అడిగేశాను. "పుణెకు ఏం చెప్పినవ్?"

"రానని సోమవారం పొద్దుగాలనే చెప్పిన కాకా. ఫ్యాన్ కాడికి పోకముందే."

"డాన్సు కోసమేనా?"

"డాన్సు కోసమే. ఇప్పుడు ఇంకో పని గూడ పడ్డది."

ఏం పనో చెప్పలేదు. చెప్పకుండానే నాకు తెలిసొచ్చింది. ఆ తర్వాత నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆమె రౌండులో నా ఎడమ పక్కనే నడిచింది. నేను మలుపు తిరిగితే తనూ చుట్టు తిరిగి ఎడమకు వచ్చేది. కుడి వైపు నుంచి ఎవరన్నా పిలిస్తే, "సర్, పిలుస్తున్నరు," అని మెల్లగా అనేది. ఎందుకలా నడుస్తావని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

రిటైరైన రోజు శాలువా కప్పి, నా చెవుల గురించి అరగంట సేపు పొగిడారు. అందులో సగం నాకు వినపడలేదు. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఎవరేమన్నారో ఒక్క ముక్క వదలకుండా నా ఎడమ చెవిలో చెబుతూ పోయింది.